తాళం వేసిన ఉత్తరం: 465, 587ల పుట్టుపూర్వోత్తరాలు

భివండీలోని పద్మానగర్‌లో సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్యే తెలుగు మాటలు వినిపిస్తుంటాయి. తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీల పేట అది. అక్కడ ఒక లెక్కల గది ఉందనుకుందాం. ఏ సేటుకు ఎన్ని మీటర్ల గ్రే బట్ట వెళ్లిందో రోజూ రాత్రి మెయిల్ చేసే పైథాన్ స్క్రిప్టు ఒకటి ఉంది. గదిలోని విండోస్ కంప్యూటర్లో అది నిక్షేపంగా నడుస్తుంది. అదే స్క్రిప్టు యజమాని అబ్బాయి మ్యాక్‌లో 'సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్' అంటుంది.

ఇలాంటి తంటాలు అర్థం కావాలంటే ముందు మెయిల్ తాళం కథ తెలియాలి. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ మెయిల్ పంపే నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 821 రాసిననాటికి మెయిల్‌కు తాళమే (ఎన్‌క్రిప్షన్) లేదు. 25వ పోర్టులో పోస్టుకార్డులా వెళ్లేది, దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. 1995లో నెట్‌స్కేప్ ఎస్ఎస్ఎల్ అనే తాళం తెచ్చింది. మొదటి అక్షరం నుంచే తాళం వేసి పంపే మెయిల్ కోసం 1997లో 465వ పోర్టు కేటాయించారు. ఆపై మనసు మార్చుకున్నారు. మామూలుగా మాట మొదలుపెట్టి మధ్యలో తాళం వేసుకునే 'స్టార్ట్ టీఎల్ఎస్' పద్ధతి 1999 జనవరిలో వచ్చింది, 465 వెనక్కి పోయింది. సర్వర్లు మాత్రం దాన్ని వదల్లేదు. చివరికి 2018 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 8314 దానికి మళ్లీ గుర్తింపునిచ్చింది.

465, 587 పోర్టులనే ఈ రెండు తలుపుల చరిత్ర తెలియకే ఎందరో రాత్రులు పోగొట్టుకున్నారు. 587లో స్టార్ట్ టీఎల్ఎస్, 465లో ముందే తాళం. తారుమారైతే ఏమవుతుంది? ముందే తాళం వేసే పైథాన్ 'ఎస్ఎంటీపీ_ఎస్ఎస్ఎల్' పిలుపును 587కు పంపితే సర్వర్ '220' అంటూ మామూలు అక్షరాల్లో పలకరిస్తుంది. తాళం భాష కోసం చూస్తున్న లైబ్రరీ ఆ అక్షరాల్లోనే వెర్షన్ అంకె వెతికి 'రాంగ్ వెర్షన్ నంబర్' అని చెబుతుంది. అది చూసి పైథాన్‌ను అప్‌గ్రేడ్ చేయడం వృథా శ్రమ, మార్చాల్సింది పోర్టు. తాళం లేకుండా 465కు వెళితే ఇంకో తంటా. పలకరింపు కోసం స్క్రిప్టు, తాళం కోసం సర్వర్ ఎదురుచూస్తూ ఉండిపోతాయి, టైమవుట్ అయ్యేదాకా.

ఇక మ్యాక్ సంగతి. ఎవరి సర్టిఫికెట్లు నమ్మాలన్న జాబితా అన్ని కంప్యూటర్లలో ఒకేచోట ఉండదు. విండోస్‌లో పైథాన్ ఆ సిస్టమ్ జాబితానే చదువుతుంది. లినక్స్‌లో సాధారణంగా 'సీఏ-సర్టిఫికెట్స్' ప్యాకేజీ ఉంటుంది. పైథాన్ సొంత సైటు నుంచి మ్యాక్‌లో వేసుకున్నది మాత్రం, 2016 డిసెంబరులో వచ్చిన 3.6 నుంచి, తాళం లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్‌ను తానే తెచ్చుకుంటుంది. మ్యాక్ సొంత జాబితా ఉండే యాపిల్ కీచైన్ వైపు చూడదు. పైథాన్ ఫోల్డర్లోని 'ఇన్‌స్టాల్ సర్టిఫికెట్స్' ఫైలును ఒకసారి నడిపితే సరిపోతుంది.

చాలామంది అలా చేయరు, తనిఖీనే ఆపేసే లైను అతికిస్తారు. మెయిల్ వెళుతుంది, నిజమే. కానీ మధ్యలో ఎవడు సర్వర్‌నని చెప్పుకున్నా వాడి చేతికే పాస్‌వర్డు పోతుంది. సేట్ల లెక్కలన్నీ ఉన్న ఖాతా అది! పేక పోగు తెగితే సాంచ ఆగాలి. ఆగకుండా కట్టేస్తే బట్టే పాడవుతుంది.

కరెంటు పోయి వచ్చిన రోజు మెయిల్ ఆగితే మరొకటి చూడాలి: గడియారం. మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోతే, కరెంటు రాగానే కంప్యూటర్ ఏళ్ల కిందటి తేదీతో లేస్తుంది. అప్పుడు సరైన సర్టిఫికెట్ కూడా 'ఇంకా చెల్లదు' అనిపించుకుంటుంది. తేదీ సరిచేసి, బ్యాటరీ మారిస్తే, స్క్రిప్టులో ఒక్క అక్షరం ముట్టుకోకుండానే ఆ రాత్రి లెక్క సేటుకు చేరుతుంది.