‘జిప్సీ’ అన్న మాట, ‘ఎరుకల’ అన్న పేరు

యూరపులోని రోమాలూ మన లంబాడీలూ ఒక్కరేనని తెలుగు పత్రికల్లో అప్పుడప్పుడు చదువుతుంటాం. ఈ పోలికకు ఆధారం బట్టలూ అద్దాలూ గుడారాలే తప్ప భాష కాదు. రోమానీ భాష భారతీయమన్న సంగతి 1782లో రూడిగర్ అనే జర్మను పండితుడు హిందూస్తానీతో పోల్చి తేల్చాడు. అంతకుముందు వాళ్ళను ఈజిప్టువాళ్ళనుకున్నారు. ‘జిప్సీ’ అన్న మాట ఆ పొరపాటు నుంచే పుట్టింది. ఇంగ్లీషులో ‘జిప్’ అంటే మోసగించడం. పేరే నేరమైందన్నమాట.

రోమానీలో మూడు ‘త్రిన్’, సోదరుడు ‘ఫ్రల్’. సంస్కృతంలోని రేఫను ఆ భాష నిలుపుకుంది. లంబాడీలో హిందీలో లాగే ‘తీన్’. ఏడు, ఎనిమిది, తొమ్మిదికి మాత్రం రోమానీలో ‘ఎఫ్తా, ఒఖ్తో, ఎన్యా’ అనే గ్రీకు మాటలున్నాయి. గ్రీకు సీమలో వాళ్ళు చాలాకాలం ఉన్నారనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు. లంబాడీ రాజస్థానీకి దగ్గర. ఎరుకల, కొరచల భాష అసలు ఆర్యభాషే కాదు, తమిళానికి దగ్గరి ద్రావిడం. గ్రియర్సన్ భాషా సర్వేలో 1922 నాటి 11వ సంపుటానికి ‘జిప్సీ భాషలు’ అని పేరు పెట్టినా, బంజారీని 9వ సంపుటంలోనూ కొరవల భాషను 4వ సంపుటంలోనూ చేర్చారు. (మైసూరు, మద్రాసు ప్రాంతాలు ఆ సర్వేలోకి రానేలేదు.)

భాషలు వేరైనా వీళ్ళ మీద పడిన నింద ఒక్కటే. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవాళ్ళను ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం ఆ దశకంలో వెలసిందే. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. ఊరి పేరు మాత్రం దొంగతనానికి మారుపేరుగా మిగిలింది. 1991లో ఆ పేరుతో సినిమా వచ్చింది. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ సినిమా తమను కించపరుస్తోందన్న అభ్యంతరం హైకోర్టు దాకా వెళ్ళింది.

చిత్రమేమంటే, యక్షగానాల్లో ఎరుకలసాని అందరికీ ఇష్టురాలే. 1942లో బెంగళూరులో మొదలైన కన్నడ హాస్యపత్రికకు ‘కొరవంజి’ అనే పేరు పెట్టారు. రంగస్థలం మీద జోస్యం చెబితే చప్పట్లు, వాకిట్లోకొస్తే చెంబులు లెక్కపెట్టుకోవడం!

సోమేనహళ్ళి, గుడిబండ వైపు తెలుగువాళ్ళకు భాషావివక్ష కొత్త కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. సరిహద్దు దాటి హిందూపురం వెళ్తే ‘ఇదేం తెలుగు’ అనే నవ్వు. ఈ నవ్వుకు నొచ్చుకునేవాళ్ళమే పిల్లలు గట్టిగా అరిస్తే ‘ఏం లంబాడోళ్ళ మాదిరి’ అంటాం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు మాకు ఎక్కువమంది కనబడలేదు. జనగణన కూడా తక్కువ తినలేదు: 2011లో 32 లక్షలకు పైగా ఉన్న లంబాడీ భాషకుల్ని హిందీ కిందా, ఎరుకలను తమిళం కిందా లెక్కవేసింది. హద్దుకు ఇవతల షెడ్యూల్డు కులాలైన లంబాణి, కొరచలు అవతల షెడ్యూల్డు తెగలు.

భాషాశాస్త్రం కూడా ఈ పాపంలో భాగస్వామి. నాజీ జర్మనీలో రిట్టర్ నడిపిన పరిశోధన సంస్థలో ఎవా యుస్టిన్ రోమానీ మాట్లాడుతూ ఇళ్ళలోకి చేరింది. ఆమె తోడ్పాటుతో తయారైన వంశావళులు ఎందరినో ఔష్విత్సుకు పంపడానికి పనికొచ్చాయి. జర్మనీలోని సింతీలలో చాలామంది ఈనాటికీ తమ భాషను బయటివాళ్ళకు నేర్పడానికి ఇష్టపడరు.

ఆ కథ చదివి ఉన్నా, సోమేనహళ్ళి దగ్గర ఒక కొరచ పెద్దాయన ముందు పదపట్టిక తెరిచి కూర్చున్నప్పుడు మాకది గుర్తుకు రాలేదు. నీళ్ళు, నిప్పు, చెయ్యి వరకు చెప్పాడు. ‘దొంగ’ అన్న మాట దగ్గర ఆగి, తెలుగులోనే అడిగాడు:

“ఇదెవురికి రాసిచ్చేదానికి సామీ?”

పట్టికలో ఆ మాట ఎందుకుందో మేము చెప్పలేకపోయాం.