తిలాపియా పుటికల మార్పిడి

తిలాపియా పుటికల మార్పిడి అనగా తిలాపియా చేపలలో ఇన్సులిన్‌ను తయారుచేసే కణజాలాన్ని మధుమేహ చికిత్సకు వాడవచ్చుననే ప్రయోగాత్మక పద్ధతి. కెనడాలోని హాలిఫాక్స్ నగరంలో ఉన్న డల్‌హౌసీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రైట్ బృందం 1990వ దశకంలో దీనిపై విస్తృతంగా పరిశోధించింది. మనుషుల చికిత్సకు ఈ పద్ధతి ఆమోదం పొందలేదు.

నేపథ్యం

మొదటి రకం మధుమేహంలో రోగి సొంత రోగనిరోధక వ్యవస్థే క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికలలో ఉండే బీటా కణాలను నాశనం చేస్తుంది. మరణించిన దాతల క్లోమం నుండి వేరుచేసిన పుటికలను ఎక్కిస్తే రోగి ఇన్సులిన్ సూదిమందు లేకుండా ఉండగలడని 2000లో ఎడ్మంటన్ వైద్యులు నిరూపించారు. కాని ఒక్క రోగికి తరచుగా ఇద్దరు దాతల క్లోమాలు కావలసి వస్తాయి. దాతల కొరత వలననే శాస్త్రజ్ఞులు జంతువుల వైపు చూశారు.

చేపనే ఎందుకు ఎంచుకున్నారు

మనిషిలోను, పందిలోను పుటికలు క్లోమమంతటా చెదరి ఉంటాయి. అవి మొత్తం క్లోమంలో నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే. వాటిని ఎంజైములతో కరిగించి వేరుచేయడం ఖర్చుతో కూడిన పని, ఫలితం కూడా ప్రతిసారీ ఒకేలా ఉండదు. తిలాపియాలో ఈ కణజాలం జీర్ణరసాలనిచ్చే భాగంతో కలవకుండా చిన్న ముద్దలుగా విడిగా ఉంటుంది. వీటిని బ్రాక్‌మన్ దేహాలు అంటారు. చేపను కోసి వీటిని నేరుగా తీసుకోవచ్చు. ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు: ఇన్సులిన్ ఆవిష్కర్తలలో ఒకడైన మెక్లియోడ్ 1922లోనే ఇటువంటి చేపల నుండి ఇన్సులిన్ తీశాడు. వాణిజ్య ఉత్పత్తి మాత్రం పశువుల, పందుల క్లోమం మీదనే సాగింది.

తిలాపియా వెచ్చని నీటి చేప కనుక దాని పుటికలు క్షీరదాల శరీర ఉష్ణోగ్రత వద్ద కూడా పనిచేస్తాయి. మధుమేహం కలిగించిన ఎలుకలలో వీటిని అమర్చినపుడు రక్తంలో చక్కెర మామూలు స్థాయికి వచ్చింది.

జన్యు మార్పు

చేప ఇన్సులిన్‌కు, మానవ ఇన్సులిన్‌కు 17 అమైనో ఆమ్లాల తేడా ఉన్నది. మానవ ఇన్సులిన్‌లో ఉన్నవి మొత్తం 51 మాత్రమే అని గమనిస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. అందువలన అది మనిషిలో సరిగా పనిచేయకపోవచ్చు, పైగా ప్రతిరక్షకాలను రేకెత్తించవచ్చు. దీనికి పరిష్కారంగా మానవ ఇన్సులిన్‌ను తయారుచేసేలా మార్చిన జన్యువును చేపలో చేర్చారు. ఈ జన్యువు గల తిలాపియాలను గురించి 2004లో ప్రకటించారు. వాటి ఇన్సులిన్‌లో బి-గొలుసు చివరి అమైనో ఆమ్లం ఒక్కటే లోపం. దాని వలన పనితనం తగ్గదు. అయితే కొత్త జన్యువును చేర్చినంత మాత్రాన చేప సొంత జన్యువు తొలగిపోదు.

ఇబ్బందులు

పై ఫలితాలను చదివేటపుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆ ప్రయోగాలలో ముఖ్యమైనవి టి-కణాలు లేని ఎలుకలలో జరిగాయి, అనగా వాటి శరీరం పరాయి కణజాలాన్ని తిరస్కరించలేదు. మనిషి శరీరం తిరస్కరిస్తుంది. పుటికలను ఆల్జినేట్ అనే జిగురు పదార్థపు గుళికలలో ఉంచి కాపాడే ప్రయత్నాలు జరిగాయి. గుళిక గోడ ఇన్సులిన్‌ను, చక్కెరను పోనిస్తుంది, రోగనిరోధక కణాలను ఆపుతుంది. పంది కణజాలంపై మానవ ప్రతిరక్షకాలు వెంటనే దాడిచేయడానికి కారణమైన ఆల్ఫా-గాల్ అనే చక్కెర తిలాపియా పుటికలలో లేకపోవడం ఒక అనుకూలత. కాని అది తిరస్కరణలో ఒక భాగాన్ని మాత్రమే తప్పిస్తుంది.

ఈలోగా ఇతర మార్గాలు ముందుకు సాగాయి. మూలకణాల నుండి పెంచిన పుటికలపై 2025లో ప్రచురితమైన పరీక్షలో పూర్తి మోతాదు పొందిన 12 మందిలో 10 మందికి ఏడాది తరువాత ఇన్సులిన్ అవసరం లేకపోయింది. వారు కూడా రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడవలసి వచ్చింది.