జెర్రీ లెవయస్ పేరెక్కిన జాబితా

డాలస్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నా నాకు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకన్నా సీజన్ ముగిశాక పత్రికల్లో పడే ఆల్-కాన్ఫరెన్స్ జాబితాలంటేనే మోజు. లైబ్రరీలో పాత మైక్రోఫిల్మ్ తిప్పుతూ కూర్చుంటే మా ఆవిడ నవ్వుతుంది. పేరు, ఆడే స్థానం, కాలేజీ, ఎత్తు, బరువు: మనిషికొక వరుస. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము పోటీపడే కాలేజీల కూటమి; వాటన్నిటినీ గాలించి కట్టే ఆ జట్టు ఏనాడూ మైదానంలో దిగదు.

దీనికి పెద్దన్న దేశం మొత్తం నుంచి ఎంచే ఆల్-అమెరికా జట్టు. 1889 నాటి తొలి జట్టులో పదకొండుగురూ తూర్పు ప్రాంతపు హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ కుర్రాళ్లే. ఆ జట్లకు పేరు తెచ్చిన వాల్టర్ క్యాంప్ యేల్ మనిషి. తా వలచింది రంభ! మరి మిగతా ప్రాంతాలవాళ్లు సొంత జాబితాలు వేసుకోవడంలో వింతేముంది? షికాగో ట్రిబ్యూన్‌కు ఆ పని చేసిన వాల్టర్ ఎకర్‌సాల్ ఒకప్పుడు షికాగో యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్. ఒక పక్క ఆటల మీద రాస్తూనే మరో పక్క మ్యాచ్‌లకు అంపైరింగూ చేసేవాడు. ఇప్పుడైతే ఊరుకుంటారా? సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (ఎస్‌ఈసీ)లో కోచ్‌లు ఓటేసే జాబితాకైతే ఎవరూ తమ కుర్రాళ్లకు ఓటేయకూడదు. నాకు నచ్చిన నిబంధన ఇదే. పొగడ్త ప్రత్యర్థి నోటి నుంచే రావాలి.

అయితే ఎంత నిజాయితీగా ఎంచినా, ఆడనిచ్చినవాళ్లలోంచే కదా ఎంచేది! 1914లో ఏర్పడ్డ సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో 1966 దాకా ఒక్క నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడూ బరిలో దిగలేదు. అదే టెక్సాస్‌లో ప్రెయిరీ వ్యూ, వైలీ లాంటి నల్లజాతి కాలేజీలు 1920లోనే వేరే కాన్ఫరెన్స్ పెట్టుకుని ఆడుతూ వచ్చాయి. సౌత్‌వెస్ట్ జాబితాల్లో వాళ్ల ఊసే ఉండదు. అర్ధశతాబ్దం పాటు అచ్చయిన ఆ 'మేటి' పేర్లను నేను సగం లెక్కగానే చూస్తాను.

ఆ కాన్ఫరెన్స్‌లోనిదే మా ఊరి సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ (ఎస్‌ఎంయూ). దాని కోచ్ హేడెన్ ఫ్రై 1965లో బోమాంట్ నల్లజాతి కుర్రాడు జెర్రీ లెవయస్‌కు స్కాలర్‌షిప్ ఇచ్చాడు. అప్పట్లో మొదటి ఏడాది విద్యార్థుల్ని ప్రధాన జట్టులో ఆడనిచ్చేవారు కాదు. 1966లో దిగాడు. స్కాలర్‌షిప్ లేకుండానే అదే కాన్ఫరెన్స్‌లోని బేలర్ జట్టులో చేరిన మరో నల్లజాతి ఆటగాడు జాన్ వెస్ట్‌బ్రూక్ అంతకు వారం ముందే ఆడాడు. ఆ ఏడే ఎస్‌ఎంయూ 1948 తర్వాత మళ్లీ కాన్ఫరెన్స్ గెలిచింది. లెవయస్ పేరు జాబితాకెక్కింది. చంపుతామన్న బెదిరింపులూ వచ్చాయి. 1967లోనూ పేరు ఎక్కింది.

1968లో టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ (టీసీయూ)తో ఆట. అవతలి ఆటగాడొకడు లెవయస్ మొహాన ఉమ్మాడు. అతను హెల్మెట్ విసిరికొట్టి, ఇక ఆడనన్నాడు. ఫ్రై పక్కన చేరి నచ్చజెప్పాడు. టీసీయూ పంట్ కొట్టే (బంతిని తన్ని ఇవతలి జట్టుకు వదిలే) సమయానికి లెవయస్ లేచి వెళ్లాడు, బంతి అందుకున్నాడు, 89 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఎస్‌ఎంయూ గెలిచింది. సీజన్ చివర మూడోసారి జాబితాకెక్కి, మరుసటి ఏడు ప్రొఫెషనల్ జట్టు హ్యూస్టన్ ఆయిలర్స్‌కు వెళ్లిపోయాడు.