బోవే కెథడ్రల్: పూర్తికాని ఒక గోతిక్ చర్చి చరిత్ర

మెదక్ చర్చిని చూసినవారికి గోతిక్ శైలి పూర్తిగా కొత్త విషయం కాదు. 1924లో ప్రారంభమైన ఆ కట్టడంలోని మొనదేలిన కమానులు, రంగుటద్దాల కిటికీలు, నిటారుగా లేచిన శిఖరం మీకు గుర్తుండే ఉంటాయి. ఆ రూపాలకు మూలం దాదాపు ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఉత్తర ఫ్రాన్స్‌లో ఉంది. మెదక్‌లో మనం చూసేది 19వ శతాబ్దిలో మళ్లీ ప్రాచుర్యంలోకి వచ్చిన గోతిక్. ఈ పాఠంలో మనం చదవబోయేది మధ్యయుగాల నాటి అసలు గోతిక్.

ఈ శైలికి ఉదాహరణగా పారిస్‌లోని నోత్ర్ దామ్‌నో, షార్త్ర్‌నో చెప్పడం పరిపాటి. ఇక్కడ కావాలనే బోవే పట్టణంలోని సెయింట్ పీటర్ కెథడ్రల్‌ను తీసుకున్నాం. బోవే పారిస్‌కు ఉత్తరాన సుమారు 75 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఈ చర్చి రెండుసార్లు కూలింది, ఎన్నడూ పూర్తి కాలేదు. గోతిక్ మేస్త్రీలకు ఏమి తెలుసో, ఏమి తెలియదో, వారికి డబ్బు ఎక్కడినుంచి వచ్చేదో, అది ఎందుకు ఆగిపోయేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

శైలి, దాని పేరు

'గోతిక్' అన్న పేరు ఆ చర్చిలు కట్టినవారు పెట్టుకున్నది కాదు. గ్రీకు, రోమన్ పద్ధతులను ఆదర్శంగా భావించిన ఇటలీ పునరుజ్జీవన కాలపు రచయితలు, మధ్యయుగ కట్టడాలను అనాగరికమైనవిగా చిత్రిస్తూ 'గోత్' అనే జాతి పేరును వాటికి తగిలించారు. ఒక విధంగా అది తిట్టు. 13వ శతాబ్దిలో జర్మనీలో ఒక రచయిత ఈ పద్ధతిని 'ఫ్రెంచి పని' అన్నాడు. చారిత్రకంగా ఆ పేరే సరైనది. పారిస్ పక్కనున్న సెయింట్ డెనిస్ మఠంలో అబాట్ సుజేర్ 1140-44 మధ్య కట్టించిన తూర్పు భాగాన్ని ఈ శైలికి ఆరంభంగా పరిగణిస్తారు.

అంతకు ముందున్న రోమనెస్క్ చర్చిలలో రాతి కప్పు బరువును మందపాటి గోడలే మోసేవి. గోడ మందంగా ఉండాలంటే కిటికీ చిన్నదిగా ఉండాలి, అందువల్ల లోపల చీకటి. గోతిక్ మేస్త్రీలు ఈ చిక్కును మూడు ఉపాయాలతో పరిష్కరించారు. మొదటిది మొనదేలిన కమాను. అర్ధవృత్తాకారపు కమాను ఎత్తు దాని వెడల్పులో సగానికి మించదు. మొనదేలిన కమానును కావలసినంత ఎత్తుకు తీసుకుపోవచ్చు, పైగా అది గోడలను పక్కలకు తోసే బలం తక్కువ. రెండవది కప్పు కింద పక్కటెముకల వంటి రాతి కమ్ములు. ఇవి కప్పును భాగాలుగా విడదీసి, బరువును నాలుగు మూలల స్తంభాల వైపు నడిపిస్తాయి. మూడవది ఫ్లయింగ్ బట్రెస్. ఒరిగిన గోడకు మన ఊళ్లలో బయటినుంచి వాలుగా దుంగను ఊతంగా పెట్టడం మీరు చూసే ఉంటారు. ఇది కూడా అటువంటిదే, కాకపోతే రాతితో, గాలిలో కమానులా వంచి కట్టినది. కప్పు పక్కకు తోసే బలాన్ని అది అందుకుని బయట ఉన్న భారీ దిమ్మెకు, దానిద్వారా నేలకు చేరుస్తుంది. దీనితో గోడకు మోసే పని తగ్గింది. గోడ ఉండవలసిన చోట అద్దం వచ్చింది.

ఉపాయం దొరికాక పోటీ మొదలైంది. కప్పు ఎత్తు పారిస్ నోత్ర్ దామ్‌లో సుమారు 33 మీటర్లు, 1194 అగ్నిప్రమాదం తర్వాత తిరిగి కట్టిన షార్త్ర్‌లో సుమారు 37, 1220లో మొదలైన అమియేన్‌లో సుమారు 42. బోవేలో అది సుమారు 48 మీటర్లకు చేరింది. అంటే పదిహేను అంతస్తుల భవనమంత ఎత్తున, కింద ఏ ఆధారమూ లేకుండా రాతి కప్పు. మధ్యయుగ గోతిక్ చర్చిలలో మరే కప్పూ ఈ ఎత్తును దాటలేదు.

బిషప్, రాజు, పట్టణం

1225లో పాత కెథడ్రల్ అగ్నికి ఆహుతైంది. బిషప్ మిలో ద నాంతేయ్, కెథడ్రల్ గురువుల సభ కలిసి తమ ఆదాయంలో పదో వంతును పదేళ్లపాటు కొత్త కట్టడానికి ఇవ్వాలని నిర్ణయించారు. బోవే బిషప్ కేవలం మతాధికారి కాదు. అతడు ఆ పట్టణానికి ప్రభువు కూడా, ఫ్రాన్స్ రాజ్యంలోని ప్రధాన సామంతులలో ఒకడు. ఉన్ని బట్టల నేతతో, వర్తకంతో పట్టణం సంపన్నంగా ఉండేది. అయితే ఆ సంపద ఉన్న పట్టణవాసులకు, బిషప్‌కు మధ్య సఖ్యత అంతంతమాత్రమే.

1233లో ఈ వైరం బయటపడింది. పట్టణానికి బయటి వ్యక్తిని మేయర్‌గా నియమించడంపై అల్లర్లు చెలరేగాయి. యువరాజుగా ఉండవలసిన వయసులోనే రాజైన తొమ్మిదవ లూయీ స్వయంగా వచ్చి అనేకమందిని శిక్షించాడు. తన అధికార పరిధిలోకి రాజు చొరబడ్డాడని బిషప్ ఎదురుతిరిగితే, రాజు బిషప్ ఆదాయాలను స్వాధీనం చేసుకున్నాడు. మరుసటి ఏడాది మిలో మరణించాడు. అప్పటికి పని ఇంకా పునాది దశను ఎంతో దాటలేదు. చర్చి కట్టడాన్ని 'అందరి భక్తి ఫలం'గా వర్ణించే పుస్తకాలు చదివేటప్పుడు ఈ ఘట్టాన్ని గుర్తుంచుకోవలసి ఉంది.

తూర్పు భాగం, అంటే గురువులు కూర్చుని ప్రార్థనలు జరిపే 'క్వైర్', 1272 నాటికి వాడుకలోకి వచ్చింది. ఈ చర్చిపై విశేషంగా కృషి చేసిన చరిత్రకారుడు స్టీఫెన్ మర్రే ప్రకారం, పని దశలు దశలుగా సాగడంతో మొదటి మేస్త్రీ తలపెట్టిన నమూనా మధ్యలో మారింది. కింది భాగం ఒక ఆలోచనతో, పై భాగం మరింత ఎత్తు కోసం మరో ఆలోచనతో కట్టబడ్డాయి.

1284లో ఏం జరిగింది?

పన్నెండేళ్లకే, 1284 నవంబరులో ఒక రాత్రి, క్వైర్ పైకప్పు కూలింది. బయటి ఊతాలు విరిగాయి, పెద్ద కిటికీలు ముక్కలయ్యాయి. తూర్పు చివరనున్న అర్ధచంద్రాకారపు భాగానికి, చుట్టూ ఉన్న చిన్న ప్రార్థనా మందిరాలకు పెద్దగా దెబ్బ తగలలేదు. కూలినవి ముఖ్యంగా స్తంభాల మధ్య ఎడం ఎక్కువగా ఉన్న అంకణాలు.

కారణం ఏమిటన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. 19వ శతాబ్ది వాస్తుశిల్పి వియొలే లె డ్యుక్, పై ఊతాల దగ్గర సన్నని జంట స్తంభాలు భారాన్ని సరిగా పంచుకోలేకపోయాయని భావించాడు. 20వ శతాబ్దిలో ఇంజనీరు రాబర్ట్ మార్క్ ప్లాస్టిక్ నమూనాలపై ప్రయోగాలు చేసి, ఎత్తైన కట్టడాన్ని గాలి పదేపదే ఊపడంవల్ల మధ్య ఊతాలలో పగుళ్లు వచ్చి ఉంటాయని సూచించాడు. పునాదులు కుంగాయన్నవారూ ఉన్నారు. ఈ రచయిత దృష్టిలో గాలి వాదానికే బలం ఎక్కువ. ఎందుకో కొంచెం ముందుకు వెళ్లాక మీరే గ్రహిస్తారు.

నాటి మేస్త్రీలకు సిద్ధాంతం తెలియకపోయినా, ఎక్కడ తప్పిందో మాత్రం అర్థమైంది. ఒక్కొక్క అంకణం మధ్యలో కొత్త స్తంభాన్ని నిలబెట్టి, మూడు వెడల్పాటి అంకణాలను ఆరు ఇరుకైనవిగా మార్చారు. నాలుగు భాగాల కప్పు ఆరు భాగాల కప్పయింది. ఎత్తును మాత్రం తగ్గించలేదు! ఈ మరమ్మతుకే అర్ధ శతాబ్దం పట్టింది. ఆ తర్వాత ఇంగ్లండ్‌తో నూరేళ్ల యుద్ధం, 1348 నాటి ప్లేగు వచ్చాయి. ఒకటిన్నర శతాబ్దం పాటు పని ఆగిపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, చర్చి ప్లానును ఊహించుకోండి. సిలువ ఆకారంలో తల భాగం క్వైర్, రెండు చేతులు ట్రాన్సెప్ట్, పొడవైన కాండం నేవ్. బోవేలో ఇప్పటివరకు తల మాత్రమే ఉంది.

గోపురం

1500లో మార్తాన్ షాంబీజ్ అనే ప్రసిద్ధ మేస్త్రీ ఆధ్వర్యంలో ట్రాన్సెప్ట్ మొదలైంది. 1532లో అతడు మరణించాక ఝాన్ వాస్ట్ కొనసాగించాడు. మంటల నాలుకల్లా మెలితిరిగే రాతి జాలీలతో, చివరి గోతిక్ దశకు ఇది గొప్ప నమూనా. రాజు మొదటి ఫ్రాన్సిస్ సాయం చేసినందుకు గుర్తుగా అతని చిహ్నమైన సలమాండర్ బల్లి ద్వారాల చెక్కడాల్లో కనిపిస్తుంది.

1548 ప్రాంతంలో ట్రాన్సెప్ట్ పూర్తయింది. న్యాయంగా తర్వాత కట్టవలసింది నేవ్. కాని గురువుల సభ తల, చేతులు కలిసే కూడలిపై గోపురాన్ని ఎంచుకుంది. రాతితోనా, కర్రతోనా అని వాదనలు జరిగాయి. చివరికి రాతి గోపురం మీద కర్ర శిఖరంతో 1569లో అది పూర్తయింది. ఎత్తు 153 మీటర్లు. లింకన్ కెథడ్రల్ శిఖరం 1548లోనే పడిపోయింది కనుక, అప్పటికి ప్రపంచంలో నిలిచి ఉన్న కట్టడాలన్నిటిలో ఇదే ఎత్తైనది.

గోపురాన్ని మోసే నాలుగు స్తంభాలకు మూడు వైపుల ఊతం ఉంది. పడమట మాత్రం నేవ్ లేదు. 1571లోనే తనిఖీకి వచ్చిన మేస్త్రీలు స్తంభాలు ఒరుగుతున్నాయని హెచ్చరించారు. చర్చలు సాగాయి, బలపరిచే పని ఒప్పందం 1573 ఏప్రిల్‌లో గాని కుదరలేదు. అదే నెల 30న, క్రీస్తు ఆరోహణ పండుగనాడు, భక్తులు ఊరేగింపుగా బయటికి వెళ్లిన కాసేపటికే గోపురం కూలింది.

దీన్ని 'ఆకాశాన్ని తాకాలన్న అహంకారానికి శిక్ష' అని చెప్పడం తేలిక, చాలామంది అలాగే చెప్పారు. అయితే రెండు ప్రమాదాలూ ఒకటి కావు. 1284లో మేస్త్రీల అనుభవానికి అందని బలాలు పనిచేశాయి. 1573లో ప్రమాదం ముందే తెలుసు. లోపం ఖర్చు పెట్టిన వరుసలో ఉంది: నేవ్‌కు పోవలసిన డబ్బు శిఖరానికి పోయింది. ఆ తర్వాత ట్రాన్సెప్ట్ కప్పును బాగుచేసుకోవడంతోనే శక్తి అయిపోయింది. 17వ శతాబ్ది ఆరంభంలో పని శాశ్వతంగా ఆగింది. నేవ్ ఉండవలసిన చోట గోడ కట్టి మూసేశారు.

1940 జూన్‌లో జర్మన్ బాంబుదాడుల్లో పాత పట్టణం చాలావరకు ధ్వంసమైనా కెథడ్రల్ నిలిచింది. 1960లలో మరమ్మతులు చేసినవారు, బయటి ఊతాలను కలిపి ఉంచిన పాత ఇనుప కమ్ములు అనవసరమనీ, అందాన్ని చెడగొడుతున్నాయనీ తీయించారు. వాటిని తీశాక గాలి వీచినప్పుడు ఊతాలు ఊగడం మొదలైంది. మళ్లీ ఉక్కు కమ్ములు బిగించక తప్పలేదు. 1990లలో ట్రాన్సెప్ట్ లోపల భారీ ఆధారాలు ఏర్పాటు చేశారు. 2001లో కొలంబియా విశ్వవిద్యాలయ బృందం లేజర్ కిరణాలతో కట్టడాన్ని కొలిచి, దాని కదలికల అధ్యయనానికి కంప్యూటర్ నమూనా తయారుచేయడం ప్రారంభించింది.

నేడు పడమటి వైపునుంచి వెళ్లేవారికి ఆ మూసిన గోడ ముందు ఒక చిన్న, పొట్టి చర్చి ఎదురవుతుంది. అది 10వ శతాబ్ది నాటి పాత కెథడ్రల్‌లో మిగిలిన భాగం. కొత్త నేవ్ వచ్చినప్పుడు పడగొట్టాలని దాన్ని అలా ఉంచారు.