అమల్ఫీ తీరాన పెళ్లిపందిరి

విదేశంలో ఉద్యోగం చేస్తున్న మా అన్నగారి మనుమరాలు మొన్నామధ్య ఫోను చేసి, "తాతయ్యా! ఇటలీలో అమల్ఫీ తీరాన, వచ్చే కార్తీకంలో పెళ్లి చేసుకుందామనుకుంటున్నాము. మీరేమంటారు?" అని అడిగింది. బడిపంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ ఊరి చరిత్ర తెలియకుండా ఔననడానికి గాని, కాదనడానికి గాని మనసొప్పలేదు. నాలుగు పుస్తకాలు తిరగవేసి తెలుసుకొన్నది ఇక్కడ మనవి చేస్తున్నాను.

నేపుల్సు నగరానికి దక్షిణాన, కొండలు నిట్టనిలువుగా సముద్రంలోకి దిగే చోట అమల్ఫీ వెలసింది. దున్నుకొనడానికి చదును నేల లేక అక్కడివారు ఓడలను నమ్ముకొన్నారు. 839లో స్వతంత్రులై, కాన్‌స్టాంటినోపిల్, అలెగ్జాండ్రియా రేవులతో వర్తకం సాగించారు. వారి పేర వెలసిన నౌకాధర్మశాస్త్రం మధ్యధరా సముద్రంలో శతాబ్దాల పాటు ప్రమాణంగా నిలిచింది. 1244లో మన కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున ఓడవర్తకులకు వేయించిన అభయశాసనం ఈ సందర్భంలో స్మరణీయం. సముద్రాన్ని నమ్మి బ్రతికేవారికి ధర్మం అండగా ఉండాలన్న ఎరుక రెండు తీరాలలోనూ ఉన్నదన్నమాట.

అయితే ఆ వైభవం నిలువలేదు. 1073లో నార్మనులకు లోబడింది. 1135లోను, 1137లోను పీసా నౌకాబలం ఆ పట్టణాన్ని కొల్లగొట్టింది. 1343 నవంబరులో సముద్రం పొంగి రేవును, దిగువ పట్టణాన్ని మింగివేసింది. అప్పుడు నేపుల్సులో ఉన్న మహాకవి పెట్రార్కు ఆ ఉత్పాతాన్ని ఒక లేఖలో వర్ణించాడు. పిమ్మట ఆ తీరం మరుగున పడింది. 19వ శతాబ్దంలో కొండ అంచున బాట వేసేదాకా అక్కడికి పడవలు, కంచరగాడిదల దారులే గతి. 1880లో సంగీతకారుడు వాగ్నరు రవెల్లో ఉద్యానాన్ని చూచి ముగ్ధుడయ్యాడు. 1997లో యునెస్కో ఆ తీరాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించింది.

ఇంతకూ నా సమాధానమేమిటి? 1954 అక్టోబరులో కుంభవృష్టి కురిసి అదే తీరంలోని మయోరి, మినోరి ఊళ్లను వరద ముంచెత్తింది. 1343 నాటి ఉత్పాతమూ శరత్తు చివరిదే. మన కార్తీకం సరిగా ఆ రోజులలోనే వస్తుంది. కనుక, "కార్తీకం వద్దమ్మా, వైశాఖంలో ముహూర్తం పెట్టించు" అన్నాను. మరొక మాట కూడా చెప్పాను. ఆ ఊళ్లలో వీథుల కంటె మెట్లే ఎక్కువ. మా వదినగారికి ఎనుబదియేండ్లు, మోకాళ్లు సహకరించవు. ఆమె అక్షతలు వేయలేని పెళ్లికి ఎంత అందమైన సముద్రముంటే మాత్రం ఏమి? వరద తరువాత తిరిగి కట్టుకొన్న మయోరిలో సముద్రపుటొడ్డు విశాలంగా, చదునుగా ఉంటుందని, అక్కడ చూడమని సూచించాను.

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "నానమ్మకు పాస్‌పోర్టు ఉన్నదా తాతయ్యా?" అని అడిగింది.

లేదు. రేపే దరఖాస్తు పెట్టించాలి.