చట్టసభలు ఎంచిన సెనేటర్లు: ఒక ఎన్నిక పద్ధతి పుట్టుపూర్వోత్తరాలు

1787లో ఫిలడెల్ఫియాలో రూపొందిన అమెరికా రాజ్యాంగం, మొదటి అధికరణం మూడో విభాగంలో, ప్రతి రాష్ట్రానికీ ఇద్దరు సెనేటర్లు ఉండాలనీ, వారిని ఆ రాష్ట్ర చట్టసభ ఆరేళ్ల కాలానికి ఎన్నుకోవాలనీ, ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఓటు ఉండాలనీ నిర్దేశించింది. ఈ ఏర్పాటు 1913 వరకు, అంటే సుమారు 125 ఏళ్లు నిలిచింది. ఆ కాలమంతటా అమెరికా పౌరుడు తన ప్రాంతపు శాసనసభ్యుణ్ణి ఎన్నుకునేవాడు. సెనేటరు ఎవరన్నది ఆ సభ్యులు రాష్ట్ర రాజధానిలో సమావేశమై తేల్చేవారు. ఈ పద్ధతి పేరు చెప్పగానే దాని చివరి దశలో బయటపడిన లంచాల వ్యవహారాలే చాలామందికి గుర్తుకు వస్తాయి. కానీ తొలి ఎన్నికలను నిదానంగా పరిశీలించినవారికి అంతకన్నా లోతైన లోపం ఒకటి కనిపిస్తుంది: ఎవరు ఎన్నుకోవాలో చెప్పిన రాజ్యాంగం, రెండు సభలు ఉన్న చట్టసభ ఒక్క పేరు మీదికి ఎలా రావాలో చెప్పలేదు. తరువాత పుట్టిన చిక్కుల్లో చాలా వాటికి మూలం ఈ మౌనమే.

చట్టసభ ద్వారా ప్రతినిధిని పంపడమనే ఆలోచన ఫిలడెల్ఫియాలో ఆకాశం నుంచి ఊడిపడినది కాదు. 1781లో అమల్లోకి వచ్చిన సమాఖ్య ఒప్పందం కింద పనిచేసిన కాంగ్రెసుకు ప్రతి రాష్ట్రమూ ఏటా ఇద్దరికి తక్కువ కాకుండా, ఏడుగురికి మించకుండా ప్రతినిధులను పంపేది. చాలా రాష్ట్రాల్లో వారిని ఎంచింది చట్టసభలే. ప్రతినిధులు ఎందరు వెళ్లినా రాష్ట్రానికి ఉండేది ఒకే ఓటు. పంపిన రాష్ట్రానికి నచ్చకపోతే ఏడాది మధ్యలోనైనా వారిని వెనక్కి పిలిపించవచ్చు. ఆ రోజుల్లో ప్రతినిధి దాదాపు తన రాష్ట్రపు రాయబారి. కొత్త సెనేట్ ఈ పాత అలవాటులోంచే పుట్టింది, అయితే రెండు ముఖ్యమైన విషయాల్లో దాన్ని దాటి వచ్చింది: ఒకే రాష్ట్రానికి చెందిన ఇద్దరు సెనేటర్లు ఎవరి ఓటు వారు వేసుకోవచ్చు, పదవీకాలం ముగియకుండా వారిని వెనక్కి పిలిచే అధికారం రాష్ట్రానికి లేదు.

రాజ్యాంగ సభలో ఈ విషయం మీద మొదట ఏకాభిప్రాయం లేదు. 1787 మే 29న ఎడ్మండ్ రాండాల్ఫ్ ప్రవేశపెట్టిన వర్జీనియా ప్రణాళిక, రాష్ట్ర చట్టసభలు సూచించిన పేర్లలోంచి ఎగువ సభ సభ్యులను ప్రజలు ఎన్నుకున్న దిగువ సభే ఎంచుకోవాలని ప్రతిపాదించింది. పెన్సిల్వేనియాకు చెందిన జేమ్స్ విల్సన్ ఎగువ సభను కూడా ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని వాదించాడు. జూన్ 7న డెలావేర్ ప్రతినిధి జాన్ డికిన్సన్ ఆ అధికారాన్ని రాష్ట్ర చట్టసభలకు ఇవ్వాలని తీర్మానం పెట్టాడు. విల్సన్ ప్రతిపాదనను పెన్సిల్వేనియా ఒక్కటే సమర్థించగా, డికిన్సన్ తీర్మానం హాజరైన రాష్ట్రాలన్నిటి మద్దతుతో నెగ్గింది. ఇక్కడ కాలక్రమాన్ని గమనించడం అవసరం. చిన్న రాష్ట్రానికీ పెద్ద రాష్ట్రానికీ సెనేట్‌లో సమాన స్థానాలు ఇచ్చిన ప్రసిద్ధ రాజీ జూలై 16న, ఐదు రాష్ట్రాలు అనుకూలంగా, నాలుగు వ్యతిరేకంగా ఉండగా కుదిరింది. అంటే సమాన ప్రాతినిధ్యం కోసం పెద్ద పోరాటం జరగడానికి అయిదు వారాల ముందే ఎన్నిక పద్ధతి నిర్ణయమైపోయింది. ఈ రెంటినీ ఒకే బేరంలో భాగాలుగా చెప్పే అలవాటు ఉన్నా, అవి వేర్వేరు నిర్ణయాలు.

ఈ పద్ధతిని సమర్థించినవారు చెప్పిన కారణాలు 1788లో వెలువడిన ఫెడరలిస్టు వ్యాసాల్లో 62వ దానిలో స్పష్టంగా కనిపిస్తాయి. చట్టసభ వడపోత వల్ల యోగ్యులు ఎంపికవుతారన్నది మొదటి కారణం కాగా, కేంద్ర ప్రభుత్వాన్ని ఏర్పరచడంలో రాష్ట్ర ప్రభుత్వాలకు కూడా చేయి ఉండడం వల్ల రెంటి మధ్యా బంధం నిలుస్తుందన్నది రెండవది. రాష్ట్రాలు తమను తాము కాపాడుకోవడానికి కేంద్రంలో ఒక ఆధారం ఉండాలని జార్జ్ మేసన్ సభలోనే వాదించాడు. ఆ వాదనల్లో బలం ఉంది. అప్పటి పరిస్థితుల్లో వాటిని కేవలం ప్రజల మీద అపనమ్మకంగా కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఇక ఆచరణ విషయానికి వస్తే, మొదటి అధికరణం నాలుగో విభాగం ఎన్నికల కాలాన్నీ, స్థలాన్నీ, విధానాన్నీ నిర్ణయించే పని ఆయా రాష్ట్ర చట్టసభలకే అప్పగించింది. వాటిని మార్చే అధికారం కాంగ్రెసుకు ఉన్నా, చాలాకాలం పాటు కాంగ్రెసు దాన్ని వాడుకోలేదు. దానితో ప్రతి రాష్ట్రమూ తనకు తోచిన పద్ధతిని ఎంచుకుంది. అందరికన్నా ముందు 1788 సెప్టెంబరు 30న పెన్సిల్వేనియా తన ఇద్దరు సెనేటర్లను ఎన్నుకుంది: ఒకరు ఫిలడెల్ఫియా వర్తక ప్రముఖుడు రాబర్ట్ మోరిస్, మరొకరు లోతట్టు ప్రాంతపు రైతుల పక్షం వహించిన విలియమ్ మెక్లే. అప్పటి పెన్సిల్వేనియాకు ఒకే సభ ఉండేది కనుక ఈ ఎన్నిక చిక్కు లేకుండా సాగిపోయింది. మేరీలాండ్ చెసపీక్ అఖాతానికి తూర్పు తీరం నుంచి ఒకరు, పడమటి తీరం నుంచి ఒకరు ఉండాలని నియమం పెట్టుకుంది.

వర్జీనియాలో 1788 నవంబరులో జరిగిన ఎన్నిక చట్టసభల ఎంపికలో వ్యక్తుల పలుకుబడి ఎంతటిదో తెలియజేస్తుంది. రాజ్యాంగ రచనలో అందరికన్నా ఎక్కువ శ్రమపడ్డ జేమ్స్ మాడిసన్ అక్కడ అభ్యర్థి. ఆ రాజ్యాంగాన్ని తీవ్రంగా వ్యతిరేకించిన పాట్రిక్ హెన్రీ చట్టసభలో తిరుగులేని నాయకుడు. రిచర్డ్ హెన్రీ లీకి 98 ఓట్లు, విలియమ్ గ్రేసన్‌కు 86, మాడిసన్‌కు 77 వచ్చాయి. నెగ్గిన ఇద్దరూ రాజ్యాంగాన్ని విమర్శించిన పక్షానికి చెందినవారే. మాడిసన్ తరువాతి ఫిబ్రవరిలో ప్రజల ఓటుతో ప్రతినిధుల సభకు పోటీచేసి, జేమ్స్ మన్రోను 336 ఓట్ల తేడాతో ఓడించి, ఆ సభలోనే పౌర హక్కులకు హామీ ఇచ్చే తొలి సవరణలను ప్రవేశపెట్టాడు. ఆయనను చట్టసభ తిరస్కరించగా ప్రజలు ఆదరించారన్న సంగతిని, చట్టసభ వడపోతలో యోగ్యులు నెగ్గుతారన్న సిద్ధాంతంతో పోల్చి చూడవలసిందే.

రాజ్యాంగపు మౌనం ఎంత ఖరీదైనదో మొదట అనుభవించింది న్యూయార్క్. అక్కడ దిగువ సభ అయిన అసెంబ్లీలో గవర్నరు జార్జ్ క్లింటన్ అనుయాయులైన రాజ్యాంగ వ్యతిరేకులకు, ఎగువ సభలో రాజ్యాంగాన్ని సమర్థించిన ఫెడరలిస్టులకు ఆధిక్యం ఉంది. రెండు సభల సభ్యులూ ఒకచోట కూర్చుని తలా ఒక ఓటు వేసే ఉమ్మడి ఓటింగు అయితే సంఖ్యాబలం వల్ల అసెంబ్లీ మాటే చెల్లుతుంది. ఏ సభకు ఆ సభ విడిగా ఓటు వేసి, రెండూ ఒకే పేరును ఆమోదించాలంటే, చిన్నదైన ఎగువ సభకు అడ్డుకునే శక్తి వస్తుంది. ఎవరికి అనువైన పద్ధతిని వారు పట్టుకుని ససేమిరా అనడంతో సెనేటర్ల ఎన్నికా ఆగిపోయింది, అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్ల నియామకమూ ఆగిపోయింది. జార్జ్ వాషింగ్టన్‌ను ఎన్నుకున్న తొలి అధ్యక్ష ఎన్నికలో న్యూయార్క్ పాల్గొనలేదు. 1789 మార్చి 4న సమావేశం కావలసిన సెనేట్‌కు ఆ రోజు ఎనిమిది మందే వచ్చారు. 12 మంది చేరి కోరం ఏర్పడేసరికి ఏప్రిల్ 6 అయింది. కొత్త ప్రభుత్వానికి తాత్కాలిక రాజధాని న్యూయార్క్ నగరమే అయినా, ఆ సభలో న్యూయార్క్ సెనేటర్లు లేరు. ఆ వసంతంలో జరిగిన రాష్ట్ర ఎన్నికల్లో ఫెడరలిస్టులు రెండు సభల్లోనూ నెగ్గాక, జూలైలో గానీ ఫిలిప్ స్కైలర్, రూఫస్ కింగ్ ఎన్నిక కాలేదు.

సెనేట్‌లో మూడో వంతు సభ్యులు రెండేళ్లకొకసారి విరమించాలి కనుక, తొలి సెనేటర్లను మూడు తరగతులుగా విభజించి, ఎవరికి రెండేళ్లు, ఎవరికి నాలుగు, ఎవరికి ఆరు అన్నది 1789 మే నెలలో చీటీలు తీసి తేల్చారు. మెక్లేకు రెండేళ్ల పదవే దక్కింది. తలుపులు మూసుకుని సమావేశమైన ఆ తొలి సెనేట్‌లో ఏం జరిగిందో లోకానికి వివరంగా తెలిసింది ఆయన రాసుకున్న దినచర్య వల్లనే. 1791 మార్చిలో ఆయన పదవి ముగిసేనాటికి పెన్సిల్వేనియా కొత్త రాష్ట్ర రాజ్యాంగం ద్వారా రెండు సభల పద్ధతికి మారింది. మూడేళ్ల కిందట సాఫీగా జరిగిన పని ఇప్పుడు చిక్కుముడి అయింది: దిగువ సభ ఉమ్మడి ఓటింగు కావాలంది, ఎగువ సభ వేర్వేరు ఓటింగు కావాలంది. సుమారు రెండేళ్ల పాటు ఆ స్థానం ఖాళీగా ఉండిపోయింది. చివరికి 1793 ఫిబ్రవరి 28న ఉమ్మడి ఓటింగులో ఆల్బర్ట్ గాలటిన్ ఎన్నికయ్యాడు. సెనేటరు కావడానికి తొమ్మిదేళ్ల పౌరసత్వం ఉండాలన్న నిబంధనను ఆయన నెరవేర్చలేదని సరిగ్గా ఏడాదికి, 1794 ఫిబ్రవరి 28న, సెనేట్ 14–12 ఓట్లతో ఆయన ఎన్నికను రద్దు చేసింది. ఆ విచారణ కోసమే సెనేట్ మొదటిసారిగా ప్రజలకు తలుపులు తెరిచింది.

ఎన్నుకున్న చట్టసభకు సెనేటరు మీద ఎంత అదుపు ఉండాలన్నది మరో వివాదం. వెనక్కి పిలిచే అధికారం పోయినా, ఫలానా బిల్లుపై ఫలానా విధంగా ఓటు వేయాలని చట్టసభలు తమ సెనేటర్లకు తీర్మానాల ద్వారా ఆదేశాలు పంపేవి. ఓడల రాకపోకలను నిషేధించిన చట్టాన్ని సమర్థించినందుకు 1808లో మసాచుసెట్స్ చట్టసభ, గడువుకు ఎంతో ముందే జాన్ క్విన్సీ ఆడమ్స్ స్థానంలో మరొకరిని ఎన్నుకోగా ఆయన రాజీనామా చేశాడు. 1836లో వర్జీనియా ఆదేశాన్ని పాటించలేక జాన్ టైలర్ కూడా అదే పని చేశాడు. ఇద్దరూ తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షులైనవారే.

ఉమ్మడి ఓటింగా, వేర్వేరు ఓటింగా అన్న ప్రశ్న ఆ తరంతో ముగియలేదు. ఇండియానాలో 1850లలో రెండు సభలు రెండు పక్షాల చేతుల్లో ఉండగా ఒక సెనేట్ స్థానం రెండేళ్లు ఖాళీగా ఉంది. చివరికి న్యూజెర్సీలో మెజారిటీ లేకుండానే ఎన్నికైన జాన్ స్టాక్టన్‌ను సెనేట్ 1866లో తొలగించాక, ఆ ఏడాది జూలైలో కాంగ్రెసు తొలిసారిగా దేశమంతటికీ ఒకే విధానాన్ని చట్టం చేసింది: మొదటి రోజు రెండు సభలూ విడివిడిగా ఓటు వేయాలి, ఒకే పేరు రాకపోతే మరునాడు ఉమ్మడిగా సమావేశం కావాలి, మెజారిటీ వచ్చేవరకు రోజుకు కనీసం ఒకసారి ఓటు వేస్తూ ఉండాలి. పాత లోపాన్ని పూడ్చిన ఈ చట్టమే కొత్త లోపానికి దారి తీసింది. కచ్చితమైన మెజారిటీ కావాలన్న నిబంధన పట్టుదల గల ఒక చిన్న వర్గానికి ఎన్నికను నిలిపివేసే అవకాశం ఇచ్చింది. 1891, 1905 మధ్య 40కి పైగా ప్రతిష్టంభనలు ఏర్పడ్డాయి. 1901 నుంచి 1903 వరకు డెలావేర్‌కు సెనేట్‌లో ఒక్క సభ్యుడైనా లేడు. మోంటానాలో రాగి గనుల అధిపతి విలియమ్ క్లార్క్, ఇల్లినాయిలో విలియమ్ లోరిమర్ ఎన్నికల చుట్టూ లేచిన లంచాల ఆరోపణలు సంస్కరణ కోరేవారికి బలాన్నిచ్చాయి. సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకోవాలన్న 17వ సవరణను 1912 మే నెలలో కాంగ్రెసు రాష్ట్రాలకు పంపగా, 1913 ఏప్రిల్ 8న అది ఆమోదం పొందింది.

ఆరేళ్ల పదవి, రెండేళ్లకొకసారి మూడో వంతు విరమణ, రాష్ట్రాల ద్వారా పరోక్ష ఎన్నిక అన్న లక్షణాలు తెలుగు పాఠకులకు రాజ్యసభ రూపంలో పరిచయమైనవే. అయితే న్యూయార్క్‌నూ పెన్సిల్వేనియానూ వేధించిన ప్రశ్నకు భారత రాజ్యాంగం ముందుగానే సమాధానం రాసింది. 80వ అధికరణం ప్రకారం రాజ్యసభకు ఓటు వేసేవారు శాసనసభకు ఎన్నికైన సభ్యులు మాత్రమే. వారు అభ్యర్థులకు ప్రాధాన్య క్రమంలో ఓటు వేస్తారు, బలాన్ని బట్టి స్థానాలు పంపిణీ అవుతాయి కనుక ఎన్నిక ఆగిపోవడానికి దారే ఉండదు. ఆంధ్రప్రదేశ్ నుంచి 11 మందిని, తెలంగాణ నుంచి ఏడుగురిని ఎన్నుకునే ఆ ఓటింగులో, రెండు రాష్ట్రాల్లోనూ శాసనమండలి ఉన్నప్పటికీ, మండలి సభ్యులకు ఓటు లేదు.