సింప్సన్, గాడిద, బడి గోడ మీద పోస్టరు

ఆన్‌జాక్ డే దగ్గర పడుతోందంటే మన పిల్లలు బడి నుంచి సింప్సన్ కథ తెస్తారు. 1915లో టర్కీలోని గల్లిపోలి యుద్ధంలో గాయపడ్డ సైనికులను గాడిద మీద ఎక్కించుకుని, గుళ్ళ వానలో తీరానికి చేరవేసిన మనిషి అతను. ఏప్రిల్ 25న దిగాడు, మే 19న చనిపోయాడు. మన వైపు తిట్టుగా చెల్లే గాడిదకు అతనితో పాటు మెల్బోర్న్‌లోనూ, కాన్‌బెర్రాలోనూ విగ్రహాలున్నాయి!

అతని ధైర్యం గురించి నాకు పేచీ లేదు. దాన్ని ఎవరు వాడుకున్నారన్నదే ప్రశ్న.

బడికి ప్రభుత్వ నిధులు కావాలంటే జెండా కర్ర, జెండా ఉండాలని 2004లో హోవార్డ్ ప్రభుత్వం షరతు పెట్టింది. మరుసటి ఏడాది విద్యామంత్రి బ్రెండన్ నెల్సన్ తొమ్మిది 'విలువల'తో పోస్టరు వేయించి బళ్ళకు పంపారు. అక్షరాల వెనుక సింప్సన్, గాడిద బొమ్మ. అది లండన్ బాంబు దాడుల తర్వాత ముస్లింలను అనుమానంగా చూస్తున్న సమయం. ఆస్ట్రేలియా విలువలు పట్టనివాళ్ళు ఇక్కడి నుంచి వెళ్ళిపోవచ్చని ఆగస్టులో ఆయనే అన్నారు. డిసెంబరు 11న సిడ్నీ క్రొనుల్లా బీచిలో జాతీయ జెండా భుజాన కప్పుకున్న గుంపులు అరబ్బు పోలికలున్నవాళ్ళను వెంటపడి కొట్టాయి. పోస్టరు వల్లే కొట్టారని అనను. కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తూనే ఉంది.

ఇంతకీ ఎవరీ సింప్సన్? పూర్తి పేరు జాన్ సింప్సన్ కిర్క్‌పాట్రిక్. ఇంగ్లండులోని సౌత్ షీల్డ్స్ వాడు. 1910లో న్యూ సౌత్ వేల్స్ రేవులో ఓడ నుంచి చెప్పకుండా జారుకున్నాడు. అంటే, నేటి భాషలో, అక్రమ వలసదారు. బొగ్గు గనుల్లో, ఓడల్లో ఒళ్ళు వంచి పనిచేసి, మనలో చాలామంది లాగే, అమ్మకు డబ్బు పంపేవాడు. ఇంగ్లండులో మంచి విప్లవం వచ్చి కోటీశ్వరులు, ప్రభువులు కొట్టుకుపోవాలని అమ్మకు ఉత్తరం రాశాడు. 1965లో వచ్చిన జీవితచరిత్రలో ఇటువంటి మాటలు కనబడవు. 1992లో చరిత్రకారుడు పీటర్ కోక్రేన్ పుస్తకం వచ్చాకే ఆ కత్తిరింపుల సంగతి బయటికొచ్చింది.

వాడుకోవడం 2005లో మొదలైంది కాదు. సింప్సన్ పోయిన కొద్ది నెలలకే అతని కథ సైన్యంలో చేరమని కుర్రాళ్ళను పిలిచే ప్రచారానికి పనికొచ్చింది. అయినా నిర్బంధ సైనిక సేవ కోసం ప్రధాని బిల్లీ హ్యూస్ 1916లో, 1917లో ఓట్లడిగితే జనం రెండుసార్లూ వద్దన్నారు.

మన పిల్లలకు బడిలో అంతగా చెప్పని సంగతి ఇంకొకటుంది. గల్లిపోలిలో సింప్సన్ తన దళంతో కాక, కంచరగాడిదల మీద ఫిరంగులు మోసే భారతీయ సిపాయిల దగ్గర మకాం పెట్టాడు. వాళ్ళు పెట్టింది తిన్నాడు. వాళ్ళు అతన్ని 'బహదూర్' అన్నారు. ఆ సిపాయిలే ఆస్ట్రేలియాలో స్థిరపడదామని వచ్చి ఉంటే, 1901 చట్టం కింద ఏదో ఒక ఐరోపా భాషలో డిక్టేషన్ పెట్టి వెనక్కి తిప్పి పంపేవారు. ఓడ నుంచి జారుకున్న తెల్లవాడిని ఆ పరీక్ష ఎవరూ అడగలేదు. అది 1958 దాకా చట్టంలోనే ఉంది.